తుని సీమలో ఆకాశవాణి శ్రోతలు

వాఙ్మయచరిత్రకారులు కవిని గూర్చియు కావ్యమును గూర్చియు వ్రాసినంతగా చదువరిని గూర్చి వ్రాయలేదు. ఆకాశవాణి చరిత్రను వ్రాసినవారును ఇట్లే కేంద్రముల స్థాపనమును, అధికారుల పేళ్లను, ప్రసారయంత్రముల శక్తిని పేర్కొని, వినినవానిని మఱచిరి. ఒక ప్రసంగము గాలిలోనికి వెలువడుట సగము పని. దానిని ఒకడు చెవియొగ్గి విని, మెచ్చియో ఆక్షేపించియో నాలుగు మాటలు వ్రాసినప్పుడు తక్కిన సగము నెఱవేఱును. మన ఆలంకారికులు నాటకమునకు సామాజికుని, కావ్యమునకు సహృదయుని ఎంత యావశ్యకునిగా నెంచిరో, రేడియోకు శ్రోత యంత యావశ్యకుడు. తుని పట్టణమును నిలువుచోటుగా గొని ఆ శ్రోతను పరిశీలించుట యీ వ్యాసమునకు ప్రయోజనము.

తునిని ఎన్నుకొనుటకు కారణము దాని యునికి. తాండవనదికి ఈవలి యొడ్డున తుని, ఆవలి యొడ్డున పాయకరావుపేట కలవు. చిరకాలము ఈ నది తూర్పుగోదావరి, విశాఖపట్టణ జిల్లాలకు ఇచ్చట పొలిమేరగా నుండెను. 2022 ఏప్రిల్ 4వ తేదీన జరిగిన జిల్లాల పునర్విభజనముచే తుని కాకినాడ జిల్లాలోను, పాయకరావుపేట అనకాపల్లి జిల్లాలోను చేరినవి. రైలుమార్గమున విశాఖపట్టణము తునికి సుమారు 100 కిలోమీటర్లు; విజయవాడ సుమారు 250 కిలోమీటర్లు. గోదావరి పలుకుబడియు ఉత్తరాంధ్ర పలుకుబడియు కలియుచోటు ఇదియే. కావున తుని శ్రోత ఏ యొక్క కేంద్రమునకును కట్టుబడినవాడు కాడు. రెండింటి నడుమ ముల్లు త్రిప్పుకొను స్వాతంత్ర్యము గలవాడు. ఎంచుకొనగలవాని మెప్పునకు విలువ యెక్కువ.

1. కేంద్రముల రాక

మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు 1924లో ప్రసారములు ప్రారంభించి, ధనము చాలక 1927లో మానివేసెను. 1930లో మద్రాసు నగరపాలక సంస్థ ఆ పనిని చేపట్టెను. 1927 జూలై 23న బొంబాయిలో ఆరంభమైన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీయు 1930లో మూతపడగా, ప్రభుత్వము దానిని స్వీకరించెను. 1936 జూన్ 8న ఆ శాఖకు ఆలిండియా రేడియో అను పేరు వచ్చెను. ఆకాశవాణి యను శబ్దము మొదట మైసూరున 1935లో వెలసిన కేంద్రమునకు వాడబడి, 1957లో దేశమంతటికిని ఆమోదింపబడినది.

తెలుగు శ్రోతకు 1938 జూన్ 16 ముఖ్యదినము. నాడు ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రము ఆరంభమయ్యెను. కాని యది తమిళమునకును తెలుగునకును కాలము పంచియిచ్చిన కేంద్రము. నైజాము రాష్ట్రమున 1930 దశకమునుండి దక్కను రేడియో పనిచేయుచుండెను; 1950లో అది ఆలిండియా రేడియోలో చేరెను. కోస్తా జిల్లాలకు తెలుగు కేంద్రము 1948 డిసెంబరు 1న విజయవాడలోను, తరువాత 1963 ఆగస్టు 4న విశాఖపట్టణములోను వెలసినవి.

ఈ తేదీలను తుని దృష్టితో చూచినచో ఒక విశేషము తోచును. మధ్యతరంగ ప్రసారము పగటివేళ నేల నంటి పయనించి దూరమున క్షీణించును. రాత్రియైన పిమ్మట ఆకాశమున పైనున్న అయనావరణము దానిని ప్రతిఫలింపజేయుటచే వందల మైళ్ల దూరమునను అది వినవచ్చును. ఆ రాత్రి ధ్వనియైనను ఒకప్పుడు హెచ్చి, ఒకప్పుడు తగ్గి, అల వలె ఊగుచుండును. విజయవాడకు దూరమున నున్న తునివంటి యూళ్లలో 1963కు ముందు రేడియో ప్రధానముగా రాత్రి సుఖమగుటకు కారణమిది. భోజనానంతరము వచ్చు నాటకమును, సంగీత కచేరీని నిశ్శబ్దముగా విను నలవాటునకు తరంగధర్మమే తోడ్పడెను. విశాఖ కేంద్రము వచ్చిన తరువాతనే తెల్లవాఱు భక్తిగీతమును, మధ్యాహ్నపు స్త్రీల కార్యక్రమమును, సాయంకాలపు వ్యవసాయ ప్రసంగమును నిలుకడగా ఇంట చేరినవి. రసాస్వాదన చరిత్రలో ఇట్టి భౌతిక కారణములను విడువరాదు.

2. శుల్కము చెల్లించిన శ్రోత

ఆ కాలపు శ్రోత కేవలము వినువాడు కాడు, శుల్కదాత. 1927లో ఏటికి పది రూపాయల అనుమతి రుసుమును ఏర్పఱచి, అందు నూటికి ఎనుబది వంతులను ప్రసార సంస్థ కిచ్చిరి. రుసుము మాఱినను పద్ధతి దాదాపు ఆఱు దశాబ్దములు సాగినది. ఏటేట తపాలా కార్యాలయమునకు బోయి, పుస్తకము చూపి, బిళ్లలంటించుకొని రావలసియుండెను. 1980 దశకపు నడుమ ఈ పద్ధతి రద్దయ్యెను. ఈ పుస్తకములు పాత పెట్టెలలో దొరకినచోట భద్రపఱుపదగినవి. ఏ యింటికి ఏ సంవత్సరమున రేడియో వచ్చెనో వానివలన తెలియును.

రుసుము చెల్లించిన వానికి అడుగు హక్కు కలదను భావము శ్రోతల జాబులలో ధ్వనించుటకు ఈ పద్ధతియు కారణము. అయినను శ్రోతలందఱు శుల్కదాతలు కారు. పంచాయతీ కార్యాలయము, గ్రంథాలయము, కాఫీహోటలు, ఎఱిగినవారి యరుగు, ఇవి యన్నియు శ్రవణశాలలే. ఒక యంత్రమునకు పదిమంది చెవులుండిన కాలమున అనుమతి పత్రముల సంఖ్యను శ్రోతల సంఖ్యగా గ్రహించుట పొరపాటు. సమష్టిగా వినునప్పుడు అభిప్రాయభేదము అప్పటికప్పుడే వెలువడును. నాటకము ముగిసిన తోడనే అరుగుమీద జరుగు చర్చ అచ్చుపడని విమర్శ. 1960 దశకమున ట్రాన్సిస్టరు వ్యాపించిన పిమ్మట రేడియో పొలము గట్టునకును, కొట్టు బల్లమీదికిని నడచినది. వినుట సులభమైనది, కలిసి వినుట తగ్గినది.

3. మెప్పు, ఆక్షేపణము, ప్రశ్న

శ్రోతల జాబులు స్థూలముగా మూడు విధములు. మెచ్చుచు వ్రాసినవి, ఆక్షేపించుచు వ్రాసినవి, సందేహము తీర్పుమని యడిగినవి. మొదటివాని సంఖ్యను బట్టి శ్రోతల యాదరణమును కొలుచుట పరిపాటి. నా యభిప్రాయమున తక్కిన రెండు విధములే యెక్కువ విలువగలవి. ఒక గాయకుడు రాగమును తప్పు పాడెననియో, వార్తలు చదువరి ఒక యూరిపేరును తప్పుగా పలికెననియో కార్డు వ్రాయువాడు ఆ సంస్థను తనదిగా భావించినవాడు. పరాయి యింటి తప్పును ఎవడును శ్రమపడి దిద్దడు.

మూడవ విధమునకు విజయవాడ కేంద్రమున ఉషశ్రీ నిర్వహించిన ధర్మసందేహములు చక్కని నిదర్శనము. ఉషశ్రీ యను కలముపేరుతో ప్రసిద్ధులైన పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు రామాయణ భారతములను చెప్పుచు, శ్రోతలు పంపిన ప్రశ్నలకు సమాధానము లిచ్చెడివారు. గుడి మండపమున పురాణము విను నాచారము మన గ్రామములలో ప్రాచీనము. కాని యచ్చట అందఱును ప్రశ్నింపజాలరు. కులము, వయస్సు, స్త్రీత్వము అడ్డువచ్చెడివి. కార్డు ముక్కకు ఆ యడ్డులు లేవు. ఒక గృహిణి ధర్మరాజు జూదమును నిలదీయవచ్చును. ఒక విద్యార్థి వాలివధ న్యాయమా యని యడుగవచ్చును. సమాధానము నచ్చకున్న మరల వ్రాయవచ్చును. పౌరాణికునికిని శ్రోతకును నడుమ ఇట్టి సంబంధము రేడియో తెచ్చిన క్రొత్త సంగతి.

సాహిత్య విద్యార్థులకు మఱింత ముఖ్యమైనది సమస్యాపూరణము. అష్టావధాన సభలలో పృచ్ఛకుడిచ్చిన సమస్యను అవధాని పూరించును, సభ వినును. ఆకాశవాణి ఈ వరుసను తలక్రిందు చేసినది. సమస్య నిచ్చునది కేంద్రము. పూరించువారు ఊరూరనున్న శ్రోతలు. బడిపంతుళ్లు, గుమాస్తాలు, అర్చకులు, ఉద్యోగవిరమణము చేసినవారు తమ కందములను, ఉత్పలమాలలను కార్డులపై వ్రాసి పంపిరి. మంచి పూరణము చదువబడినప్పుడు పద్యముతోపాటు ఊరిపేరును వినబడును. తన యూరిపేరు ఆకాశమునుండి వినుట చిన్న సంతోషము కాదు. పద్యరచన క్షీణించినదని పండితులు విచారించిన కాలమున పద్యమును నిత్యవ్యవహారమున నిలిపినవారిలో ఈ శ్రోతలును గలరు. ఇరువదవ శతాబ్దపు పద్యచరిత్ర వ్రాయువారు అచ్చుపుస్తకములతో తృప్తి పడరాదు.

బాలుర విషయమునను ఇట్టిదే. మద్రాసు కేంద్రమునుండి రేడియో అన్నయ్యగా న్యాయపతి రాఘవరావును, రేడియో అక్కయ్యగా కామేశ్వరియు తెలుగు పిల్లల నాకర్షించిరి. వారు 1945లో 'బాల' పత్రికను ప్రారంభించిరి. విను పిల్లవాడు వ్రాయు పిల్లవాడుగా మాఱుటకు ఈ జంట యేర్పాటు దోహదమైనది.

4. ముల్లు త్రిప్పిన శ్రోత

జాబు వ్రాయని శ్రోతకును అభిప్రాయము కలదు. దాని నతడు వ్రేళ్లతో తెలుపును. 1952లో సమాచార ప్రసారశాఖకు మంత్రియైన బాలకృష్ణ విశ్వనాథ కేస్కర్ శాస్త్రీయ సంగీతమునకు పెద్దపీట వేసి, చలనచిత్ర గీతములను ఆకాశవాణినుండి దాదాపుగా తొలగించెను. దేశమంతట శ్రోతలు సిలోను రేడియోవైపు ముల్లు త్రిప్పిరి. ఆ సంవత్సరమే అమీన్ సయానీ నిర్వహణమున బినాకా గీత్‌మాలా సిలోను నుండి ఆరంభమయ్యెను. తెలుగు పాటలకును ఆ కేంద్రమున తావు కలిగెను. మీనాక్షి పొన్నుదురై కంఠము తెలుగు ఇండ్లలో పరిచితమయ్యెను. బీహారునందు, తరువాత ఝార్ఖండునందు చేరిన ఝుమ్రీ తిలయ్యా యను అభ్రకపు గనుల పట్టణము పాటలు కోరుచు వ్రాసిన జాబులచేతనే దేశమున ప్రసిద్ధి పొందినది. చిన్న యూళ్ల శ్రోతల బలమేపాటిదో యీ యుదాహరణము చెప్పును. కడకు 1957 అక్టోబరు 3న వివిధభారతి నేర్పఱచి ప్రభుత్వము శ్రోతల మాట మన్నించెను.

ఇంతమాత్రమున శ్రోత సినిమాపాటను తప్ప మఱేదియు కోరలేదనుట సరికాదు. కేస్కర్ ఆశించిన సదభిరుచి నిషేధమువలన రాలేదు. లలితగీతమువలన తెలుగుదేశమున కొంతవఱకు వచ్చినది. నిడదవోలున జన్మించి, తండ్రి బాలాంత్రపు వేంకటరావు ద్వారా పిఠాపురపు కవితావాతావరణముతో సంబంధముగల రజనీకాంతరావు 1941లో మద్రాసు కేంద్రమున చేరెను. 1947 ఆగస్టు 15న ఆయన గీతములు స్వాతంత్ర్యోదయమును తెలుగువారికి వినిపించినవి. తూర్పుగోదావరి జిల్లా శంకరగుప్తమున జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణయు విజయవాడ కేంద్రమున పనిచేసెను. భక్తిరంజని వంటి కార్యక్రమములు తత్త్వములను, తరంగములను, కీర్తనలను ప్రాతఃకాలమున ఇంటింట వినిపించినవి. సినిమాపాట కొఱకు సిలోను ముల్లునకు బోయిన చేయియే తెల్లవాఱుజామున భక్తిరంజని పెట్టినది. అభిరుచి యొక్కటికాదు, వేళను బట్టి పలువిధములని అధికారులకంటె శ్రోత ముందు గ్రహించెను.

5. ఉపయోగము, విశ్వాసము

ఆదరణమునకు వినోదమొక్కటే కారణము కాదు. 1960లో ఆరంభమైన సాంద్ర వ్యవసాయ పథకమునకు దేశమున మొదట ఎన్నుకొన్న ఏడు జిల్లాలలో పశ్చిమగోదావరియు, తమిళదేశపు తంజావూరును కలవు. తంజావూరున ఏ.డి.టి. 27 అను వరివంగడము రేడియో ప్రసంగములవలన అంతగా వ్యాపించి, జనుల నోట రేడియోవరి యని పేరుగాంచెను. విజయవాడ కేంద్రపు పాడిపంటలు కార్యక్రమమును రైతులు వినినది ఈ విశ్వాసముతోనే. చెప్పినది మఱునాడు పొలమున సరిచూచుకొనదగినది. ఇంతకంటె కఠినమైన విమర్శకుడు ఏ ప్రసంగకర్తకును ఉండడు.

తుపాను దినములలో ఈ విశ్వాసము ప్రాణసంబంధమగును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనయు, 1996 నవంబరు 6న కోనసీమను కూల్చిన తుపానును ఈ తీరము మఱవజాలదు. విద్యుత్తు పోయి, తీగలు తెగిన వేళ బ్యాటరీతో పనిచేయు చిన్న యంత్రము మాట్లాడుచుండును. ఆ మాటను నమ్ముటయో మానుటయో సాధారణ దినములలో కుదిరిన సంబంధమును బట్టియుండును. భక్తిగీతమును, ధరవరలను, ధర్మసందేహమును పలికిన పరిచితకంఠమే తీరము విడిచిపొమ్మని చెప్పినప్పుడు శ్రోత లేచును. కావున కార్యక్రమముల మెప్పును వ్యర్థకాలక్షేపముగా భావింపరాదు.

6. పరిశోధకుల కర్తవ్యము

1995లో భారత సర్వోన్నత న్యాయస్థానము ప్రసారతరంగములు ప్రజల యాస్తియని తీర్పు చెప్పెను. 1997లో ప్రసారభారతి ఏర్పడెను. తరంగములు ప్రజలవైనచో వాని చరిత్రలో ప్రజలకు తావుండవలెను. అందులకు కావలసిన యాధారములు నశ్వరములు. నాదపు టేపు ఖరీదైన కాలమున ఒక కార్యక్రమమును చెఱిపి దానిపై మఱియొకటి ముద్రించుట వాడుక. శ్రోతల కార్డులు చదివిన తరువాత కట్టలుగట్టి పాఱవేయబడినవి. కేంద్రమున నశించినది శ్రోత యింట నిలిచియుండవచ్చును. 'వాణి' పత్రిక సంచికలు, కార్డు చిత్తుప్రతులు, పూరణములు వ్రాసుకొన్న నోటుపుస్తకములు, అనుమతి పుస్తకములు, కేంద్రమునుండి వచ్చిన ప్రత్యుత్తరములు మన సామగ్రి.

వీనికంటె ముందు వినవలసినవి వృద్ధుల స్మృతులు. 1963లో విశాఖ కేంద్రము ఆరంభమైననాడు పదియేండ్ల బాలుడు ఇప్పుడు డెబ్బది దాటినవాడు. విద్యార్థులు తాండవకు రెండు దరులను తిరిగి, ఎవరు ఏ కేంద్రమును ఏ వేళ వినిరి, దేనిని మెచ్చిరి, దేనికి కోపించిరి, ఎవరి యింట కూర్చుండి వినిరి యను నాలుగు ప్రశ్నల నడిగినచో, గోదావరి పలుకుబడియు ఉత్తరాంధ్ర పలుకుబడియు గల శ్రోతలు ఒకే ప్రసారమును ఎట్లు వేర్వేఱుగా స్వీకరించిరో తెలియును. స్త్రీలను తప్పక యడుగవలెను. యంత్రము మగవాని పేర నున్నను దినమంతయు వినినవారు వారే.

ఇది దిగ్దర్శనము మాత్రమే. సహృదయుని లక్షణమును గ్రంథములనుండి బోధించుచున్న మన శాఖలు, మన వీథులలో నున్న సహృదయుని వాఙ్మూలమును గ్రహించుటకు ఆలసింపరాదు. ఆలసించినచో కేంద్రముల తేదీలు మిగులును. వాని కొఱకు రాత్రివేళ దీపము తగ్గించి చెవియొగ్గినవారి చరిత్ర మిగులదు.