పదిహేడో నిబంధన: పిల్లల ఫోన్ పట్టుకున్న తల్లిదండ్రుల కోసం ఒక వ్యాఖ్యానం

ఖతార్‌లో వ్యక్తిగత సమాచార గోప్యత కోసం 2016లో 13వ నంబరు చట్టం చేశారు. అందులో 17వ నిబంధన పూర్తిగా పిల్లల గురించే, ఐదే అంశాలు. దోహాలోని మన ఇళ్లలో పిల్లల ఫోన్ మీద రోజూ గొడవే. వేసవి నెలల్లో ఎండకు బయట ఆట ఉండదు, అమ్మమ్మా తాతయ్యా కనిపించేది వీడియో కాల్‌లోనే, కాబట్టి ఫోన్ ఇవ్వకా తప్పదు. అయినా ఈ నిబంధన ఊసు మన మాటల్లో రాదు. అందులోని ముఖ్యమైన మాటలు ఒక్కొక్కటీ తీసుకుని చూద్దాం.

"పిల్లలను ఉద్దేశించిన వెబ్‌సైటు యజమాని, నిర్వాహకుడు": చట్టం భారం మోపింది వీళ్ల మీద. పిల్లల నుంచి ఏ సమాచారం తీసుకుంటున్నారో, దాన్ని ఏం చేస్తారో, ఎవరికిస్తారో సైటులో ప్రకటించాల్సింది వాళ్లే. కానీ పెద్ద సోషల్ మీడియా కంపెనీలు తమది పిల్లల సైటు కాదంటాయి, 13 ఏళ్లు నిండినవాళ్లకే అకౌంటు అంటాయి. పదేళ్ల పాప 2005లో పుట్టానని కొడితే ఆ కంపెనీ లెక్కలో ఆమె పెద్దవాళ్లలో ఒకరు. చిన్నపిల్లలకని పెట్టిన రక్షణలేవీ ఆమెకు అందవు. పుట్టిన సంవత్సరాన్ని అలా మార్చేసి అకౌంటు తెరిచిపెట్టేది చాలాసార్లు మనమే. దయచేసి ఆ పని చేయకండి.

"సంరక్షకుడి స్పష్టమైన సమ్మతి": ఆ సమ్మతి మన ఇళ్లలో ఎలా దొరుకుతుందో చూడండి. మెసయీద్‌లో షిఫ్టు దిగి కంపెనీ బస్సెక్కిన తండ్రి ఫోన్‌లో, పిల్లల ఫోన్‌ను పెద్దలు అదుపు చేసే యాప్ గూగుల్ ఫ్యామిలీ లింక్ నుంచి నోటిఫికేషన్ వస్తుంది. వెంటనే వాట్సాప్‌లో కొడుకు గొంతు: "డాడీ, రిక్వెస్ట్ పెట్టా, అప్రూవ్ కొట్టవా, ఫ్రెండ్సందరూ ఆడుతున్నారు." నిద్రకళ్లతో తండ్రి కొట్టేస్తాడు, యాప్ పేరు కూడా పూర్తిగా చదవడు. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషిని తప్పుపట్టబుద్ధి కాదు. కానీ పిల్లవాడికీ ఆ యాప్‌కీ మధ్య అడ్డుగా ఉన్నది ఆ ఒక్క నొక్కుడే. "ఇంటికొచ్చాక ఇద్దరం కలిసి చూద్దాం నాన్నా" అంటే కొంపలేమీ మునగవు.

ఒక్కోసారి మన సమ్మతితో పనిలేకుండానే ఆట ఆగిపోతుంది. 2025 ఆగస్టులో ఖతార్‌లో రోబ్లాక్స్ ఆటను ఆపేశారు. అపరిచితులు పిల్లలతో చాట్ చేయడం మీద లోకమంతా ఆందోళన ఉన్న ఆట అది. ఒక ఆట ఆగితే పిల్లలు మరో ఆట వెతుక్కుంటారు, లేదా వీపీఎన్ వేసుకుంటారు. ఊరూపేరూ లేని ఉచిత వీపీఎన్ వేస్తే పిల్లవాడి ఇంటర్నెట్ రాకపోకలన్నీ ఎవరిదో తెలియని సర్వరు మీదుగా పోతాయి. ఎందుకు ఆపారో పిల్లలకు విడమరచి చెప్పాల్సింది అప్పుడే.

"అడిగినప్పుడు సంరక్షకుడికి తెలపడం": మీరెవరో నిర్ధారించుకున్నాక, మీ బిడ్డ గురించి ఏ రకం సమాచారం పోగుచేశారో, ఎందుకో కంపెనీ చెప్పాలి, నకలు కూడా ఇవ్వాలి. నాకు ఈ నిబంధన మొత్తంలో విలువైన మాట ఇదే. కంపెనీని నిలదీసే హక్కు చట్టం మన చేతికిస్తే, దాన్ని పక్కన పడేసి మనం బిడ్డ మీద నిఘా పెడుతున్నాం. గూఢచారి యాప్‌లు కొని, పిల్ల నిద్రపోయాక చాట్‌లు చదువుతున్నాం.

ఏడేళ్ల పిల్లవాడి ఫోన్ హాల్లో, అందరి కళ్లముందే ఉండాలి, అందులో రెండో మాట లేదు. పద్నాలుగేళ్ల పిల్లకు మాత్రం మనం ఏం చూస్తున్నామో ముందే తెలియాలి. ఫ్యామిలీ లింక్ కూడా ఏ యాప్‌లో ఎంతసేపు గడిపారో చూపిస్తుందే తప్ప మెసేజీలు చదివి పెట్టదు. చాటుగా చదివామని తెలిసిన మర్నాడు ఆ పిల్ల ఫ్రెండ్ ఫోన్‌లో ఇంకో అకౌంటు తెరుస్తుంది. ఆపైన ఎవడో ఫొటో పట్టుకుని బెదిరిస్తే మనకు చెప్పదు.

అసలు ప్రమాదం అక్కడుంది. ఖతార్‌లో 2014 నాటి 14వ నంబరు సైబర్ నేరాల చట్టంలో 9వ నిబంధన ప్రకారం ఆన్‌లైన్ బెదిరింపులకు మూడేళ్ల దాకా జైలు, లక్ష రియాళ్ల దాకా జరిమానా ఉన్నాయి. పిల్లల అశ్లీల చిత్రాల విషయంలో 7వ నిబంధన ఇంకా కఠినం: అయిదేళ్ల దాకా జైలు, అయిదు లక్షల రియాళ్ల దాకా జరిమానా. పిల్ల ఒప్పుకుందన్న సాకు చెల్లదు. పిల్లలపై వేధింపుల విషయంలో సాయానికి అమాన్ కేంద్రం నంబరు 919. ఇవన్నీ పనికొచ్చేది బిడ్డ నోరు తెరిచి చెప్పినప్పుడే. "ఏం జరిగినా తిట్టను, ముందు నాకు చెప్పు" అన్న మాట ఆమె చెవిన ముందే పడి ఉండాలి.

"తొలగించడం, నిలిపివేయడం": మీరు కోరితే బిడ్డ సమాచారం విషయంలో కంపెనీ ఆ పని చేయాలి. యాప్ తీసేస్తే ఫోన్‌లోంచి పోతుంది గానీ కంపెనీ దగ్గరున్న సమాచారం ఎక్కడికీ పోదు. అకౌంటు మూసేయమని, సమాచారం చెరిపేయమని విడిగా అడగాలి.

"పాల్గొనడానికి అవసరమైన దానికి మించి": రంగులేసే ఆటకు లొకేషన్ ఎందుకు? కాంటాక్టులెందుకు? ఆటలో చేర్చుకోవాలంటే అదనపు వివరాలివ్వాలని పిల్లలకు షరతు పెట్టకూడదంటుంది చట్టం. 17వ నిబంధన ఉల్లంఘిస్తే 50 లక్షల రియాళ్ల దాకా జరిమానా. భారత్‌లో 2023లో చేసిన డేటా రక్షణ చట్టం మరో అడుగు వేసి, 18 ఏళ్ల లోపు వాళ్లను వెంటాడి గమనించడాన్నీ, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపడాన్నీ వద్దంది.

ఈ శుక్రవారం ఒక అరగంట తీరిక చేసుకోండి. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్ సెట్టింగ్స్‌లో పర్మిషన్లు తెరవండి. ఏ యాప్‌కు మైకు ఇచ్చామో, ఏ యాప్‌కు లొకేషన్ ఇచ్చామో ఇద్దరూ కలిసి చూడండి. అక్కర్లేనివి బిడ్డ చేతే తీయించండి.