క్లీనరు చదువు

ఇల్లాలికి తెలియని మురికి లేదంటారు. వంటగట్టు మీది జిడ్డు, ఇత్తడి బిందె మీది కిలుం, అటక మీది దుమ్ము - దేనికి చింతపండు కావాలో, దేనికి కుంకుడు రసం కావాలో మనకొకరు చెప్పనక్కర్లేదు. అయితే మా వాకిట్లో ఇరవై యేళ్ళుగా నా కళ్ళెదుటే వున్న ఒక మురికి జోలికి మాత్రం నేనెన్నడూ పోలేదు. అది మా మామగారి అంబాసిడర్ కారు బానెట్టు కింద వుంది. అది మగవాళ్ళ మురికి. దాన్ని వాళ్ళూ కడగరు, మనల్నీ ముట్టుకోనివ్వరు!

పోయిన వేసవిలో ఆ కారుకి గడ్డురోజు వచ్చింది. పదిహేనేళ్ళు దాటిన కార్లకి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషను తిరిగి చేయించుకోవాలి కదా, ఆ గడువు దగ్గర పడింది. ఒకప్పుడు 600 రూపాయలుండే ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో 5,000 అయింది. మా వారు లెక్కలు వేసి, "ఇంజను నూనె కక్కుతోంది. బాగుచేయించాలంటే తడిసి మోపెడవుతుంది. తుక్కుకి వేసేద్దాం నాన్నా" అన్నారు.

మామగారు జవాబు చెప్పలేదు. చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా వాకిట్లోకి చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు మెకానిక్కు వచ్చాడు. బానెట్టెత్తి చూసి, "బాబుగారూ, మొత్తం నల్లరంగు కొట్టేద్దామండి. ఇన్స్పెక్టరు గారి కంటికి కొత్త పెళ్ళికూతురిలా కనిపిస్తాది, ఆయ్!" అన్నాడు.

చెమ్మ దిగిన గోడకి సున్నం కొట్టించినట్టుంది అనుకున్నాన్నేను.

"రంగెందుకురా! క్లీనరు లేడుగాని, వుంటేనా..." అన్నారు మామగారు.

"క్లీనరు ఏం చేస్తాడు మామయ్యగారూ? తుడుస్తాడు, అంతేగా?" అన్నాను.

"అంతేనా? తుడవడమంటే ఏమనుకున్నావమ్మాయ్, అదే మొదటి చదువు" అన్నారాయన.

ఆ సాయంత్రం ఆయన చెప్పిందీ, తర్వాత నేను చదువుకున్నదీ కలిపితే, మనం రోజూ తేలిగ్గా వాడేసే 'క్లీనరు' అన్న మాటకి ఎంత చరిత్ర వుందో తెలిసింది. ఆ మాట పుట్టిల్లు రైలు షెడ్డు. ఆవిరి ఇంజన్ల కాలంలో పని నేర్చుకోవాలని వచ్చిన కుర్రాడికి మొట్టమొదట చేతికిచ్చేది సుత్తీ కాదు, పలుగూ కాదు - గుడ్డపీలిక. మసీ నూనే పట్టిన ఇంజన్ని రాత్రుళ్ళు తుడవాలి. అలా కొన్నేళ్ళు తుడిస్తే ఫైర్‌మన్ అయి బొగ్గు వేస్తాడు. ఇంకొన్నేళ్ళు బొగ్గు వేస్తే డ్రైవరవుతాడు. ఇంగ్లండులోనూ అంతే, మన దేశంలోనూ అంతే. ప్రతి బోల్టునీ చేత్తో తడిమినవాడికే ఇంజను అప్పగించాలని వాళ్ళ నియమం. పగులు కంటికి కనిపించకముందే గుడ్డకి తగులుతుందట.

మన కోనసీమ నడిబొడ్డుకి రైలు రానేలేదు. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 1928లో వచ్చి, గౌతమి గట్టున ఆగిపోయింది. ఆ పట్టాలు కూడా రెండో ప్రపంచ యుద్ధంలో పీక్కుపోయారు. మళ్ళీ 2004లో గాని ఆ దారిన రైలు నడవలేదు. రైలు ఏరు దాటకపోయినా, దాని మాట మాత్రం బస్సులతో, లారీలతో మన దాకా వచ్చింది. డ్రైవరు పక్కన క్లీనరు. రేడియేటర్లో నీళ్ళు పోసేవాడు, హ్యాండిలు తిప్పేవాడు, బండి తుడిచేవాడు. అలా తుడిచి తుడిచి ఒకనాటికి స్టీరింగు పట్టినవాళ్ళు మన ఊళ్ళల్లో ఎంతమంది లేరు!

ఇంకో సంగతి చదివి మరీ ఆశ్చర్యపోయాను. కారు కనిపెట్టిన జర్మనీ దేశపు కార్ల్ బెంజ్ పేరు అందరికీ తెలుసు. ఆయన భార్య బెర్తా 1888 ఆగస్టులో, భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్నీ ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి పుట్టింటికి, ఫోర్జ్‌హైమ్‌కి, ఆ బండి తోలుకుపోయింది. నూరు కిలోమీటర్లకి పైగా దూరం. దారిలో పెట్రోలు గొట్టంలో నలక అడ్డుపడితే టోపీకి పెట్టుకునే సూదితో పొడిచి తీసింది. తీగ మీది తొడుగు ఒరుసుకుపోతే మేజోడు పట్టీ చుట్టింది. ఇంధనం మందుల షాపులో కొంది. అంటే చూడండి, ప్రపంచంలో మొట్టమొదటి దూరప్రయాణం చేసిన కారుకి డ్రైవరూ క్లీనరూ కూడా పుట్టింటికి బయల్దేరిన ఒక ఇల్లాలే!

ఇంక నేను ఆగుతానా? కొంగు బిగించాను.

మెకానిక్కు దగ్గరుండి చెబుతానన్నాడు. మొదటి పాఠం: ఇంజను బాగా చల్లారాలి. రెండోది: బ్యాటరీ తీసెయ్యాలి, అదీ నెగటివు తీగ ముందు. ఆ తర్వాత పానా పొరపాటున రేకుకి తగిలినా నిప్పురవ్వ లేవదు. టెర్మినళ్ళ మీద తెల్లగా, ఆకుపచ్చగా ఉప్పు పూసింది. వంటసోడా కలిపిన నీళ్ళు పోస్తే గోలీసోడాలా బుస్సుమని పొంగి శుభ్రమైంది. వంటింటి సరుక్కి అక్కడా పనుంది! పొడిగా తుడిచి వాజిలైను రాశాం. డిస్ట్రిబ్యూటరుకీ కార్బొరేటరు మూతికీ ప్లాస్టిక్ సంచులు కట్టాం. పైపుతో నీళ్ళు జిమ్మితే మాత్రం కొంప మునుగుతుందన్నాడు. ఆరుబయట, దరిదాపుల్లో నిప్పు లేకుండా చూసుకుని, కిరసనాయిలూ పాత పళ్ళబ్రష్షూ గుడ్డపీలికలతో మొదలుపెట్టాను.

ఆ బానెట్టు కింద ఎంత చోటో! ఇద్దరు వంగి నిలబడి పని చేసుకోవచ్చు. ఈ కాలపు కార్లలో వేలు దూర్చడానికి సందుండదు. అంబాసిడరు ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కి తోబుట్టువు. 1958 నుంచి 2014 మే దాకా కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారైంది. మా కారులోది 1489 సీసీ ఇంజను. దాని వంశం 1947 నాటి ఆస్టిన్ ఇంజన్ల దాకా పోతుంది. మామగారు 1978లో కొన్నారు. కారు బుక్ చేసుకుని యేళ్ళ తరబడి కళ్ళు కాయలు కాసేలా చూసే రోజులవి. అలా వచ్చిన కారుని ఎవరు తుక్కుకి వేస్తారు? చెడితే బాగుచేసుకోవాలి, అంతే.

అప్పట్లో కాకినాడ వెళ్ళాలంటే ముక్తేశ్వరం రేవులో కారుని పంటు ఎక్కించి కోటిపల్లిలో దించేవారు. యానాం - ఎదుర్లంక వంతెన 2002లో గాని రాలేదు. పలకల మీంచి పంటు మీదికి కారు ఎక్కుతుంటే అత్తయ్యగారు కళ్ళు మూసుకుని కోటిపల్లి సోమేశ్వరుణ్ణి తలుచుకునేవారట.

ముందు చక్రం పైన రేకు మడతలో ఏదో గట్టిగా తగిలింది. గోకితే పసుపచ్చని ఒండ్రు పెళ్ళగా వచ్చింది. "1986 వరద!" అన్నారు మామగారు వంగి చూసి. ఆ ఆగస్టులో గోదావరి మా వాకిట్లో బానెట్టు దాకా వచ్చిందట. నీరు తీశాక ఆయన స్టార్టు చేయబోతే అప్పటి మేస్త్రీ చెయ్యి పట్టుకుని ఆపాడట. సిలిండర్లో నీళ్ళుంటే లోపలి కడ్డీలు వంగిపోతాయి మరి. ప్లగ్గులు విప్పి, హ్యాండిలుతో తిప్పి నీళ్ళు కక్కించి, మజ్జిగలా తెల్లబడిన నూనె పారబోసి, మళ్ళీ ప్రాణం పోశాడట.

ఇంకో మూల ఎలుక కొబ్బరిపీచుతో గూడు కట్టుకుంది. గూడు తీస్తే దాని కింద తొడుగంతా కొరికేసి, రాగి బయటపడ్డ తీగ కనిపించింది. మెకానిక్కు ముఖం పాలిపోయింది. "అమ్మగారూ, దీని మీద రంగు కొట్టేసి వుంటే, ఏ రోజో రోడ్డు మీద బుగ్గయిపోయేదండి" అన్నాడు.

మరి ఇంజను కక్కుతున్న నూనె? జిడ్డంతా పోయాక ఆరబెట్టి, బ్యాటరీ బిగించి, కాసేపు నడిపి, తెల్లకాగితంతో అద్ది చూశాం. ట్యాపెట్ కవరు కింద ప్యాకింగు ఎండి పగిలింది. అక్కణ్ణించి కారిన నూనే ఇంజన్నంతా చుట్టేసింది. ఇంజను నిక్షేపంలా వుంది. ఒక్క చిన్న ప్యాకింగు మారిస్తే ఆగిపోయే రోగానికి మనిషి చచ్చిపోయాడని తేల్చేశాం!

అప్పుడు తెలిసింది నాకు. శుభ్రం చేయడమంటే మెరిపించడం కాదు, దాగినదాన్ని బయటపెట్టడం. నల్లరంగు చేసేది సరిగ్గా దానికి ఎదురు పని. ఇన్నేళ్ళుగా మనం గిన్నె తోముతూ చిల్లినీ, చీర ఉతుకుతూ చిరుగునీ, పిల్లలకి ఒళ్ళు తుడుస్తూ జ్వరాన్నీ ముందుగా పసిగడుతూనే వున్నాం. దాన్ని చదువని ఎవరూ అనలేదు గనక మనమూ అనుకోలేదు.

రేకు మీద అంకెలు స్పష్టంగా బయటపడ్డాయి. ఇన్స్పెక్టరుగారు చాసిస్ నెంబరు సరిచూసుకున్నారు. రిజిస్ట్రేషను అయింది. కొత్త ప్యాకింగు ఖర్చు విని మా వారు ఆ రోజంతా మాట్లాడలేదు.

ఆ ఒండ్రు పెళ్ళని మామగారు పారేయనివ్వలేదు. నలిపి తులసి కోటలో వేశారు. చెయ్యి కడుక్కుని వచ్చి, కారు తాళాలు నా ముందు పెట్టారు.

"క్లీనరు పరీక్ష పాసయ్యావమ్మాయ్. రేపట్నించి స్టీరింగు" అన్నారు.

మా వారు పేపరు దించి, "మరి నేను?" అన్నారు.

"నువ్వు ముందు గుడ్డపీలిక పట్టరా!" అన్నారు మామగారు.