ఆవిరి బాయిలరు నుంచి డీజిలు బండికి

1893లో బెజవాడ వద్ద కృష్ణానదిపై రైలు వంతెన పూర్తి అయినది. ఆ వంతెన దాటిన ఆవిరి ఇంజనులలో డ్రైవరు కండ్ల ఎదుట ఒక గుండ్రని గేజి ఉండేది. బాయిలరులో ఆవిరి పీడనం ఎంతో దాని ముల్లు చూపేది. పీడనం హద్దు మీరితే ప్రాణాలకే ముప్పు గనుక ఆ ముల్లును గమనించడం ఆ ఉద్యోగంలో ముఖ్యమైన భాగం. ఆ సంవత్సరమే జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరుకు ఒక కొత్త యంత్రంపై పేటెంటు లభించినది. కైకలూరు చేపలనూ, దివిసీమ ధాన్యపు బస్తాలనూ మోసుకొని విజయవాడకు వచ్చే పికప్ బండ్లను నేడు నడిపేది ఆ జాతి యంత్రమే. అయితే రైలింజనులోని గేజికి, ఈ బండిలో కొత్తగా అమర్చే గేజికి ఉన్న చుట్టరికం చాలామందికి తెలియదు.

ఆ గేజిని కనిపెట్టినవాడు యూజీన్ బోర్డన్ అనే ఫ్రెంచి ఇంజనీరు. అతడు ఒక ఆవిరి యంత్రం కొరకు గొట్టాన్ని చుట్టగా వంపు తిప్పించుచుండగా గొట్టం నొక్కుకుపోయినదట. దానిని తిరిగి గుండ్రన చేయుటకు ఒక కొన మూసి, రెండవ కొన నుండి నీటిని బలంగా ఎక్కించగా, చుట్ట కొంత విప్పుకొన్నది. మరొకరైతే గొట్టం చెడినదని పారవేసి ఉండేవారు. బోర్డన్ దానిలో ఒక కొలత సాధనాన్ని చూచినాడు. 1849లో పేటెంటు పొందినాడు. వంగిన చదును గొట్టంలో పీడనం పెరిగిన కొద్దీ అది నిటారు కాజూస్తుంది. కదిలే కొనకు చిన్న పండ్ల చక్రాన్ని, ముల్లును తగిలిస్తే గేజి సిద్ధం. తీగలు లేని నేటి ఆయిల్ గేజిని విప్పి చూస్తే చాలా వాటిలో ఈ గొట్టమే కనిపిస్తుంది.

వేడిని కొలిచే దారి వేరు. 1821లో సీబెక్ రెండు వేర్వేరు లోహాల తీగలను కొనల వద్ద కలిపి, ఒక అతుకును వేడిచేయగా దగ్గరి దిక్సూచి ముల్లు కదలడం గమనించినాడు. ఇదే ఉష్ణయుగ్మానికి మూలం. 1880ల నాటికి ఫ్రాన్సులో లె షాటెలియే ప్లాటినం జాతి తీగలతో కొలుముల వేడిని నమ్మకంగా కొలువగలిగినాడు. తరువాత చౌకైన నికెలు మిశ్రమాలు వచ్చినవి. అట్టి జత 700 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఇచ్చే వోల్టేజి సుమారు 29 మిల్లీవోల్టులు. టార్చిలైటు బ్యాటరీలో ఇంచుమించు యాభయ్యవ వంతు.

డీజిలు బండికి ఇంత వేడిని కొలవవలసిన అవసరమేమి? కంపెనీ పెట్టిన గేజి నీటి వేడిని చూపుతున్నది కదా! చిక్కు ఇక్కడే ఉన్నది. గేజి చెప్పేది దాని కొన ఉన్నచోటి సంగతి మాత్రమే. సిలిండరులో మండిన వాయువుల వేడి కొన్ని సెకండ్లలో పెరుగుతుంది. నీటికి అది తెలియుటకు నిమిషాలు పడుతుంది. నీరంతా కారిపోతే మరీ మోసం. కొన గాలిలో మిగిలి, ఇంజను మాడుచున్నా ముల్లు క్రిందికే దిగవచ్చు.

డీజిలు ఇంజనులో గాలికి మించి నూనె పోసిన కొద్దీ నల్లని పొగతో పాటు వేడి పెరుగుతుంది. స్విట్జర్లండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు పొందిన టర్బో పద్ధతిలో పొగ వాయువులే ఒక చక్రాన్ని త్రిప్పి ఎక్కువ గాలిని నెట్టుతవి. లాగుడు చాలదని పంపులో నూనె కొలత మాత్రమే పెంచితే ఈ సమతూకం చెడుతుంది. శుద్ధమైన అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల వద్ద. పిస్టను ఆ లోహపు మిశ్రమం. ప్రతిసారీ చల్లని గాలి, వెనుక నూనె తగులుట చేత అది నిలుస్తున్నది. డెల్టా నేల బల్లపరుపు గనుక ఇంజనుకు శ్రమ లేదనుకోరాదు. మే నెల ఎండలో, హద్దు మించిన బరువుతో, పల్లపు దారిలో దొరికే విశ్రాంతి కూడా లేకుండా అది గంటల తరబడి లాగవలసి వస్తుంది.

బండ్ల మరమ్మతుకు పేరొందిన విజయవాడ ఆటోనగర్ వంటి చోట గేజి బిగించమని అడిగేవారు ముందుగా ఏది కొలవాలో తేల్చుకొనడం మంచిది. బరువు లాగే టర్బో బండికి పొగ వేడి గేజి మొదటిది. టర్బో గాలి పీడనం, ఆయిల్ పీడనం తరువాతవి. మూడూ ఉంటే మేలే గాని, అద్దం ముందు వరుసగా గేజీలు పేర్చడం చాలాసార్లు అలంకారమే.

వేడి కొనను టర్బోకు ముందు పొగ గొట్టంలో పెట్టాలి. టర్బో దాటిన తరువాత వాయువు వ్యాకోచించి చల్లబడుతుంది గనుక అక్కడి అంకె నూరు డిగ్రీలకు పైగా తక్కువ ఉండవచ్చు. రంధ్రం చేసేటప్పుడు ఇనుప రజను లోపల పడితే టర్బో చక్రం రెక్కలు విరుగుతవి. గొట్టాన్ని ఊడదీసి తొలవడమే క్షేమం. ఉష్ణయుగ్మపు తీగ చాలలేదని రాగి తీగ అతికిస్తే సీబెక్ సూత్రం ఊరుకోదు: ఆ అతుకు ఉన్నచోటి వేడి కూడా లెక్కలో చేరి అంకె తప్పుతుంది. అదే జాతి తీగతోనే పొడిగించాలి. ఆయిల్ గొట్టాన్ని నేరుగా డ్రైవరు గదిలోకి తెస్తే, పగిలిన నాడు కాగిన నూనె కాళ్ళపై పడుతుంది. కనుక విద్యుత్తు గేజి మేలు. దానికి వెళ్ళే తీగకు ఫ్యూజు తప్పనిసరి.

2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమలులోకి వచ్చినవి. ఆ తరువాతి బండ్లలో పొగను శుద్ధి చేయుటకు వేడిని కొలిచే కొనలు కంపెనీయే అమర్చుతున్నది. అక్కడ రంధ్రం చేయడానికి ముందు, బండి కంప్యూటరు నుంచి ఆ అంకెలు చదవవచ్చునేమో అడిగి తెలుసుకొనడం తెలివైన పని.

పాత బండికి కొన్న ఉష్ణయుగ్మం సరియైనదో కాదో బిగించకముందే పాఠశాలలో పరీక్షింపవచ్చు. ఒక అతుకును చేపల పెట్టెలో వాడే ఐసు ముక్కలు కరుగుచున్న మంచినీటిలో, రెండవ అతుకును మరుగుచున్న నీటిలో ముంచాలి. డెల్టా సముద్రమట్టానికి కొంచెమే ఎత్తున ఉన్నది గనుక నీరు ఇంచుమించు 100 డిగ్రీల వద్దనే మరుగుతుంది. నికెలు మిశ్రమాల జత అయితే మిల్లీవోల్టు మీటరు సుమారు 4.1 చూపాలి.