మోరోవిండ్ (వీడియో గేమ్)

మోరోవిండ్ అమెరికాకు చెందిన బెథెస్డా గేమ్ స్టూడియోస్ రూపొందించిన పాత్రపోషణ వీడియో గేమ్. దీని పూర్తి పేరు ది ఎల్డర్ స్క్రోల్స్ 3: మోరోవిండ్. ఇది 2002 మే నెలలో విండోస్ కంప్యూటర్లకు, అదే సంవత్సరం జూన్‌లో ఎక్స్‌బాక్స్‌కు విడుదలైనది. ఎల్డర్ స్క్రోల్స్ ఆటల వరుసలో ఇది మూడవ ప్రధాన భాగం. ట్రిబ్యునల్ (2002 నవంబరు), బ్లడ్‌మూన్ (2003 జూన్) అనునవి దీని రెండు విస్తరణ భాగాలు. మూల ఆటను, ఈ రెండు భాగాలను కలిపిన సంపుటి 2003 అక్టోబరులో వెలువడినది.

పాత్రపోషణ ఆటలో ఆటగాడు ఒక కల్పిత వ్యక్తిని సృష్టించుకొని, ఆ వ్యక్తి శక్తిసామర్థ్యాలను క్రమంగా పెంచుకుంటూ కథలో ముందుకు సాగుతాడు. ఎటు పోవాలో, ఏ పని ముందు చేయాలో ఆటగాడికే వదలివేసే ఆటలను స్వేచ్ఛా ప్రపంచ ఆటలు అంటారు. మోరోవిండ్ ఈ రెండు తరగతులకూ చెందుతుంది.

చరిత్ర

ఈ వరుసలో మొదటి ఆట అరీనా 1994లోను, రెండవది డాగర్‌ఫాల్ 1996లోను వచ్చాయి. డాగర్‌ఫాల్ ప్రపంచం అతి విశాలమైనది. అందు సుమారు 15,000 ఊళ్ళు, గుహలు మొదలగు స్థలాలు ఉన్నవి. అయితే వాటిలో అత్యధిక భాగాన్ని కంప్యూటరే సూత్రాల ప్రకారం కూర్చినందువలన ఒక ఊరు మరొక ఊరిని పోలి ఉండేది. తరువాత వచ్చిన బాటిల్‌స్పైర్ (1997), రెడ్‌గార్డ్ (1998) ఆటలు ఆశించినంతగా అమ్ముడుపోలేదు. సంస్థ మూతపడే స్థితికి చేరినది. 1999లో జెనీమాక్స్ మీడియా అనే మాతృసంస్థ ఏర్పడి, పెట్టుబడి లభించిన పిమ్మట మోరోవిండ్ పని ఊపందుకున్నది.

టాడ్ హోవర్డ్ ఈ ఆట నిర్మాణానికి నాయకత్వం వహించాడు. కెన్ రోల్‌స్టన్ ప్రధాన రూపకర్త. జెరెమీ సోల్ సంగీతం సమకూర్చాడు. మైకేల్ కిర్క్‌బ్రైడ్ ఈ ప్రపంచపు పురాణగాథలకు విలక్షణమైన రూపం ఇచ్చిన రచయితలలో ముఖ్యుడు. ఆ సమయంలో పోగొట్టుకొనుటకు తమవద్ద ఏమీ మిగలలేదని, అందువలననే సాహసించగలిగామని హోవర్డ్ తరువాతి కాలంలో చెప్పాడు.

వారు చేసిన సాహసం రెండు విధాలుగా కనిపిస్తుంది. మొదటిది, ప్రపంచం విస్తీర్ణాన్ని బాగా తగ్గించి, కొండను, గుడిని, ఇంటిలోని పాత్రసామగ్రిని సైతం మనుషుల చేతులతో అమర్చుట. రెండవది, ఐరోపా కోటలు, అడవులు గల పరిచిత వాతావరణాన్ని విడిచిపెట్టుట. ఇందలి సంపన్న మాంత్రికులు బృహత్తరమైన పుట్టగొడుగులలో నివసిస్తారు. ప్రయాణికులు సిల్ట్ స్ట్రైడర్ అనే, పొడవాటి కాళ్ళు గల మహాకీటకంపై ఒక ఊరినుండి మరొక ఊరికి పోతారు. అగ్నిపర్వతం చుట్టూ బూడిద తుఫానులు వీస్తూ ఉంటాయి.

కథ

కథ మోరోవిండ్ రాష్ట్రంలోని వార్డెన్‌ఫెల్ ద్వీపంలో జరుగుతుంది. ఇక్కడి స్థానికులు బూడిద వర్ణపు చర్మం గల డన్మర్ జాతివారు. వారి దేశం టామ్రియెల్ సామ్రాజ్యపు పాలనలో ఉన్నది. ఆటగాడు సైడా నీన్ అనే చిన్న రేవులో ఓడ దిగిన ఖైదీ. చక్రవర్తి ఆజ్ఞపై అతనికి విడుదల లభిస్తుంది. బాల్మోరా పట్టణంలోని కాయస్ కొసాడెస్ అనే వ్యక్తికి ఒక మూటను అందజేయుట అతనికి అప్పగించిన మొదటి పని.

డన్మర్ జాతి వీరుడైన నెరెవార్ మరల జన్మించి తమ దేశాన్ని కాపాడుతాడని ఆష్‌లాండర్లు అనే సంచారజాతివారు నమ్ముతారు. ట్రిబ్యునల్ దేవాలయం ఈ నమ్మకాన్ని మతద్రోహంగా భావించి, ఆ మాట అన్నవారిని శిక్షిస్తుంది. ఆ దేవాలయం పూజించే వివెక్, అల్మలెక్సియా, సోథా సిల్ అనే ముగ్గురు ఒకప్పుడు మానవమాత్రులు. రెడ్ మౌంటెన్ గర్భంలోని లోర్కాన్ హృదయం నుండి శక్తి పొంది వారు దేవతలయ్యారు. అదే పర్వతంలో దాగోత్ ఉర్ అనే శత్రువు మేల్కొని, రోగాన్ని, దుఃస్వప్నాలను ద్వీపమంతటా వ్యాపింపజేస్తున్నాడు. ఆటగాడు ప్రవచనం చెప్పిన షరతులను ఒక్కొక్కటిగా పూర్తిచేసి, చివరకు అతనిని ఎదుర్కొనవలసి ఉంటుంది.

నెరెవార్ ఎట్లు మరణించాడన్న ప్రశ్న ఈ కథకు కీలకం. యుద్ధంలో తగిలిన గాయాలవలన మరణించాడని దేవాలయం చెబుతుంది. ఆ ముగ్గురే అతనిని హత్య చేశారని ఆష్‌లాండర్లు చెబుతారు. ఇందులో ఏది నిజమో ఆట ఎక్కడా తీర్పు చెప్పదు. ఆటగాడు నిజంగా నెరెవార్ పునర్జన్మమా, లేక సామ్రాజ్యం తన అవసరానికి తయారుచేసి పంపిన మనిషా అన్నది కూడా సందేహంగానే మిగులుతుంది. ఒకే సంఘటనను పాలకులు, పూజారులు, ఓడినవారు వేర్వేరుగా చెప్పుకొనే తీరును ఇందు చూడవచ్చును. ఆటలో చదువదగిన 300కు పైగా పుస్తకాలు ఉన్నవి. అవి కూడా తరచుగా ఒకదానితో ఒకటి విభేదిస్తాయి.

సామ్రాజ్య పాలన, స్థానికుల ఆగ్రహం, బానిసత్వం ఈ కథలో బలంగా కనిపిస్తాయి. అర్గోనియన్, ఖజీట్ జాతులవారిని డన్మర్ భూస్వాములు బానిసలుగా ఉంచుకుంటారు. వారిని విడిపించుట, విడిపించకుండుట ఆటగాడి ఇష్టం.

ఆడే విధానం

ఆటగాడు 10 జాతులలో ఒకదానిని, 13 జన్మరాశులలో ఒకదానిని ఎన్నుకొంటాడు. మొత్తం నైపుణ్యాలు 27. వీటిలో ఐదింటిని ప్రధానమైనవిగా, మరి ఐదింటిని ద్వితీయమైనవిగా ఎంచుకోవాలి. ఏ నైపుణ్యాన్ని వాడితే అదే పెరుగుతుంది. కత్తి పట్టినవానికి కత్తిసాము, పరుగెత్తేవానికి దేహదారుఢ్యం వృద్ధి చెందుతాయి. ఎన్నుకొన్న పది నైపుణ్యాలలో మొత్తం పది మెట్లు పెరిగినప్పుడు ఆటగాడి స్థాయి ఒకటి పెరుగుతుంది. గురువులకు సొమ్ము చెల్లించి నేర్చుకొనే వీలు కూడా ఉన్నది.

గమ్యాన్ని చూపే బాణపు గుర్తులు ఈ ఆటలో లేవు. వంతెన దాటిన తరువాత ఏ వైపునకు తిరగాలో, ఏ బండ దగ్గర దారి చీలుతుందో పాత్రలు మాటలలో చెబుతారు. ఆటగాడు ఆ మాటలను దినచర్య పుస్తకంలో చదువుకొని, సూచిక స్తంభాలను చూసుకొంటూ దారి వెదకుకోవాలి. కథకు అవసరమైన పాత్రలను సైతం చంపవచ్చును. అట్లు జరిగినప్పుడు ప్రవచనపు దారం తెగిపోయినదని, పాత స్థితికి మరలిపొమ్మని లేక చెడిన ప్రపంచంలోనే కొనసాగమని ఒక సందేశం హెచ్చరిస్తుంది.

హ్లాలు, రెడోరాన్, టెల్వాన్ని అనే మూడు మహావంశాలలో ఏదో ఒకదానిలో చేరి ఆటగాడు పదవులు పొందవచ్చును. యోధుల, మాంత్రికుల, దొంగల సంఘాలు వీటికి అదనం. ప్రధాన కథను పూర్తిగా పక్కనపెట్టి ఈ సంఘాల పనులతోనే కాలం గడిపినను ఆట అడ్డుచెప్పదు.

విస్తరణ భాగాలు

ట్రిబ్యునల్ కథ మోరోవిండ్ ప్రధాన భూభాగంలోని మోర్న్‌హోల్డ్ నగరంలో జరుగుతుంది. నిద్రిస్తున్న ఆటగాడిపై హంతకుడు దాడి చేయుటతో ఇది ఆరంభమవుతుంది. కొత్త రాజు హెల్సెత్‌కు, దేవత అల్మలెక్సియాకు మధ్యగల స్పర్ధలో ఆటగాడు చిక్కుకొంటాడు. శక్తి క్షీణిస్తున్న దేవతకు మతి ఎట్లు తప్పుతుందో ఈ భాగం చూపుతుంది. పనుల వారీగా దినచర్యను చూసుకొనే సౌకర్యం కూడా దీనితోనే వచ్చినది. అయితే నగరం గోడల మధ్యనే కథ అంతా సాగుట, స్వేచ్ఛగా తిరిగే వీలు తగ్గుట దీని లోపాలని విమర్శకులు భావించారు.

బ్లడ్‌మూన్ ఇందుకు భిన్నంగా సోల్‌స్థైమ్ అనే మంచు ద్వీపాన్ని పరిచయం చేసినది. ఇక్కడ స్కాల్ అనే నార్డ్ తెగవారు నివసిస్తారు. ఆటగాడు తోడేలు మనిషిగా మారే వీలున్నది. రేవెన్ రాక్ అనే గని గ్రామం ఆటగాడి నిర్ణయాలను అనుసరించి కళ్ళెదుటనే పెరుగుతుంది.

ఆదరణ, విమర్శ

ఈ ఆటకు విశేష ఆదరణ లభించినది. సమీక్షల సగటును లెక్కించే మెటాక్రిటిక్‌లో కంప్యూటర్ రూపానికి 100కు 89 మార్కులు వచ్చాయి. దీని విజయమే బెథెస్డాను నిలబెట్టినది. ప్రపంచపు కొత్తదనం, అన్వేషణలోని ఆనందం, సంగీతం ప్రశంసలు పొందాయి.

లోపాలు కూడా లేకపోలేదు. కత్తి శత్రువుకు తగిలినట్లు కంటికి కనిపించినను, లోపల జరిగే పాచికల వంటి లెక్కవలన దెబ్బ తప్పిపోతుంది. కొత్తవారికి ఇది విసుగు కలిగిస్తుంది. ఆరంభంలో నడక మిక్కిలి నెమ్మది. వేర్వేరు ఊళ్ళలోని పాత్రలు ఒకే వాక్యాలను వల్లెవేస్తారు. ఆకాశం నుండి పదేపదే దాడిచేసే క్లిఫ్ రేసర్ అనే పక్షి ఆటగాళ్ళ పరిహాసానికి పాత్రమైనది.

ఆటగాళ్ళ చేర్పులు

కంప్యూటర్ రూపంతోపాటు కన్‌స్ట్రక్షన్ సెట్ అనే నిర్మాణ సాధనాన్ని సంస్థ అందజేసినది. దీనితో ఆటగాళ్ళు కొత్త ఊళ్ళను, కథలను స్వయంగా చేర్చగలిగారు. ఆటలో లేని ప్రధాన భూభాగాన్ని నిర్మించుటకు పూనుకొన్న టామ్రియెల్ రీబిల్ట్ బృందం స్వచ్ఛంద కార్యకర్తలతో రెండు దశాబ్దాలకు పైగా పనిచేస్తున్నది. ఓపెన్‌ఎండబ్ల్యూ అనునది ఆటను నడిపించే యంత్రాంగాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుగా తిరిగి రాసిన పథకం. మూల ఆటను కొన్నవారు దీని సహాయంతో లినక్స్ వంటి వ్యవస్థలలోను ఆడవచ్చును. పాత ఆటలు కొత్త యంత్రాలపై పనిచేయక మరుగున పడిపోకుండా కాపాడుటకు ఇటువంటి కృషి తోడ్పడుతుంది.

తరువాతి కాలం

నాలుగవ భాగమైన ఆబ్లివియన్ (2006)లో గమ్యాన్ని చూపే గుర్తులు ప్రవేశించాయి. ఐదవ భాగమైన స్కైరిమ్ (2011) కూడా అదే పద్ధతిని అనుసరించినది. దీనివలన ఆట సులభమైనది. దారి వెదకుకొనే అనుభవం పోయినదని పాత ఆటగాళ్ళు వాదిస్తారు. స్కైరిమ్ విస్తరణ భాగమైన డ్రాగన్‌బోర్న్ (2012) సోల్‌స్థైమ్ ద్వీపానికి, 2017లో వచ్చిన ది ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్: మోరోవిండ్ వార్డెన్‌ఫెల్ ద్వీపానికి ఆటగాళ్ళను మరల తీసుకొనిపోయాయి. 2019 మార్చిలో, ఎల్డర్ స్క్రోల్స్ వరుసకు 25 సంవత్సరాలు నిండిన సందర్భంగా బెథెస్డా కొద్దికాలం పాటు మోరోవిండ్‌ను ఉచితంగా ఇచ్చినది. 2021 మార్చిలో జెనీమాక్స్ మీడియా మైక్రోసాఫ్ట్ వశమైనది.

తెలుగు పాఠకులకు

ఈ ఆటకు అధికారిక తెలుగు రూపం లేదు. సంభాషణలలో అధిక భాగం అక్షరరూపంలోనే ఉన్నందున ఆంగ్లం చదువగలవారికే కథ పూర్తిగా అందుతుంది. అయినను దీని కథన పద్ధతి తెలుగువారికి కొత్త కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడు, గోపాలుడు కాశీకి పోతూ ఉంటారు. ప్రతి మజిలీలో చూసిన వింత ఒక కథకు దారితీస్తుంది. మోరోవిండ్‌లో కూడా ప్రధాన ప్రయాణం ఒకటి ఉండగా, దారిలోని ప్రతి ఊరూ ఒక కథను దాచుకొని ఉంటుంది. తేడా ఏమనగా, ఇక్కడ ఏ మజిలీలో ఆగాలో నిర్ణయించేది వినేవాడే.

తెలుగు ప్రాంతంలో కూడా పురాణ నేపథ్యపు ఆటలు తయారవుతున్నాయి. హైదరాబాదుకు చెందిన ఓగ్రే హెడ్ స్టూడియో 2017లో విడుదల చేసిన అసుర అటువంటిది. ఇది స్వేచ్ఛా ప్రపంచ ఆట కాదు, పోరాట ప్రధానమైన చిన్న ఆట. భారతీయ పురాణాల నుండి స్ఫూర్తి పొందినది.