కరణం కట్టల నుంచి డేటా కేంద్రాల దాకా: నిల్వ వ్యవస్థల పనితీరుపై సింహావలోకనం

చికాకోలు సర్కారుగా చరిత్రకెక్కిన నేటి శ్రీకాకుళం ప్రాంతంలో ఊరి లెక్కలు తరతరాలుగా కరణాల చేతుల్లోనే ఉండేవి. తాటాకు కవిలెలు పోయి కాగితపు కట్టలు వచ్చినా, ఏ సర్వే నంబరు ఏ కట్టలో ఉందో తెలిసినవాడు కరణమే. మామూలు రోజుల్లో వాటిని అడిగేవారు తక్కువ. ఏటా లెక్కలు సరిచూసే జమాబందీ వచ్చిందంటే మాత్రం లెక్కలన్నీ ఒక్కసారిగా అధికారి ముందుకు రావాలి. అడంగలు, శిస్తు, వసూలు ఒకదానితో ఒకటి సరిపోవాలి. దాచిన లెక్క విలువ ఆ రద్దీ నాడే తేలేది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణీకాన్ని రద్దు చేయడంతో ఆ వ్యవస్థ ముగిసింది. సమాచారం కోసం అందరూ ఒకేసారి ఎగబడే రద్దీ మాత్రం అప్పటి నుంచి పెరుగుతూనే వచ్చింది.

కంప్యూటరు లోకంలో ఈ కథ 1956లో మొదలైంది. ఆ ఏడాది ఐబీఎం తెచ్చిన ర్యామాక్ యంత్రపు డిస్క్ యూనిట్‌లో 24 అంగుళాల పళ్లాలు 50 ఉండేవి. అన్నీ కలిపి 50 లక్షల అక్షరాలు పట్టేవి. కోరిన చోటికి చేరడానికి సగటున 600 మిల్లీసెకన్లు పట్టేది. టేపును మొదటి నుంచి తిప్పకుండా కోరిన సమాచారాన్ని డిస్కు మీద నేరుగా అందుకోవచ్చని లోకానికి చూపింది ఆ యంత్రమే. మన నేల మీద 1967లో ఎ.ఎస్.రావు సారథ్యంలో హైదరాబాదులో ఈసీఐఎల్ వెలిసి, దేశీయ కంప్యూటర్లకు బాట వేసింది. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లాక స్వదేశీ నైపుణ్యం మీద బాధ్యత మరింత పెరిగింది. 1980ల నడుమ సీఎంసీ సంస్థ ఢిల్లీలో రైల్వే రిజర్వేషన్లను కంప్యూటరు మీదికి ఎక్కించినప్పుడు, కౌంటరు ముందు నిలబడ్డ సామాన్యుడికి కూడా ఈ యంత్రాల వేగంతో పని పడింది.

1988 ఒక మలుపు. బర్కిలీలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ రాసిన పత్రం, ఒక్క ఖరీదైన పెద్ద డిస్కు చేసే పనిని చవకైన చిన్న డిస్కుల గుంపుతో ఎలా చేయించవచ్చో వివరించింది. రెయిడ్ అనే మాట అక్కడి నుంచే వచ్చింది. 1990లో మోషే యనాయ్ రూపకల్పనతో ఈఎంసీ తెచ్చిన సిమెట్రిక్స్, చిన్న డిస్కుల ముందు, తరచూ అడిగే డేటాను చేతికందేలా ఉంచే పెద్ద కాష్ మెమరీని నిలబెట్టి పెద్ద సంస్థల నిల్వ తీరునే మార్చేసింది. పనితీరుకు ముందుచూపు అవసరమని ఈ పరిశ్రమ గట్టిగా గ్రహించింది ఈ దశలోనే. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి.

నిమిషానికి 15,000 సార్లు తిరిగే డిస్కు ఒక్క చుట్టుకు 4 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కావలసిన డేటా హెడ్డు కిందికి రావడానికి సగటున 2, హెడ్డు ఆ వరుసకు చేరడానికి దాదాపు మూడున్నర. అంటే ఒక్కో పనికి (చదవడం గానీ రాయడం గానీ) ఐదున్నర మిల్లీసెకన్లు, సెకనుకు సుమారు 180 పనులు. ఒక డిస్కు చెడినా డేటా పోకుండా ప్యారిటీ అనే సరిచూపు లెక్కను కూడా దాచే రెయిడ్-5 పద్ధతిలో చిన్న రాత ఒక్కటి పడాలంటే పాత డేటా, పాత ప్యారిటీ చదివి, కొత్తవి రెండూ రాయాలి: మొత్తం నాలుగు పనులు. సెకనుకు 1,000 రాతలు వచ్చే చోట, కాష్ ఆదుకోవడాన్ని పక్కన పెడితే, డిస్కుల మీద 4,000 పనులు పడతాయి. వాటికి కనీసం 23 డిస్కులు కావాలి. అదే డేటా పరిమాణం చూస్తే నాలుగైదు డిస్కుల్లో ఇమిడిపోవచ్చు. టెరాబైట్లు మాత్రమే చూసి స్టోరేజ్ బాక్సు కొన్న కార్యాలయాలు ఇక్కడే దెబ్బతిన్నాయి. ఖాళీ జాగా బోలెడు ఉంటుంది, కౌంటరులో మాత్రం 'సిస్టం స్లో' అన్న మాటే వినిపిస్తుంది.

ఆ 23 కూడా డిస్కులన్నీ క్షణం ఖాళీ లేకుండా పని చేస్తే సరిపోయే లెక్క. అలా పని చేయించకూడదని చెప్పే క్యూ సిద్ధాంతం డిస్కుల కంటే పాతది. 1909లో కోపెన్‌హేగెన్‌లో ఎర్లాంగ్ టెలిఫోన్ కాల్స్ రద్దీని గణితంలోకి తెచ్చాడు. 1961లో జాన్ లిటిల్, క్యూలో ఉన్నవారి సంఖ్యకూ వేచి ఉండే కాలానికీ ఉన్న సంబంధాన్ని నిరూపించాడు. ఒక్కో పనికి 5 మిల్లీసెకన్లు పట్టే పరికరం, పనులు క్రమం లేకుండా వచ్చిపడే చోట, సగం సమయం పనిలో ఉంటే సగటున 10 మిల్లీసెకన్లలో జవాబిస్తుంది. 80 శాతం పనిలో ఉంటే 25, 90 శాతమైతే 50, 95 శాతానికి చేరితే 100. 90 దాటి మరో అయిదు శాతం వాడుకోవాలన్న ఆశకు జనం చెల్లించే మూల్యం ఇది. నా దృష్టిలో ఈ రంగానికి అసలైన మార్గదర్శకులు ఈ ఇద్దరే.

మన ఆంధ్రప్రదేశ్‌లో 1998లో కార్డ్ పథకం రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లోకి కంప్యూటర్లను తెచ్చింది. 2011లో మీ సేవ మొదలయ్యాక అడంగలు, 1-బి వంటి భూమి పత్రాలు, కుల, ఆదాయ పత్రాలు కౌంటరులో అందసాగాయి. కాలేజీ ప్రవేశాల రోజుల్లో పత్రాల కోసం వచ్చే జనం, ఉదయం పది గంటలకు ఏసీ తత్కాల్ టికెట్ల కోసం దేశమంతా పడే తాకిడి, అన్నీ చిన్న చిన్న రాతలూ చదువులే. రాత్రి నడిచే బ్యాకప్ మాత్రం పొడుగాటి వరుస చదువు. ఒకే బాక్సు మీద ఈ రెండూ ఢీకొంటే పౌరుడి పనే ఆగుతుంది. అందుకే ఎంత డేటా అని అడగడంతో ఆగకుండా ఎన్ని పనులు, ఎంత పరిమాణంలో, ఏ వేళలో, రాతలెన్ని చదువులెన్ని అని అడగడం నేర్చుకున్న ఇంజినీర్ల తరం తయారైంది. ఇంతలో 2008లో ఈఎంసీ తన పెద్ద బాక్సుల్లో ఫ్లాష్ డ్రైవులను అమర్చింది. కాలక్రమంలో మిల్లీసెకన్ల లెక్క మైక్రోసెకన్లలోకి దిగింది. అయినా కంట్రోలరు, నెట్‌వర్కు, ఉమ్మడిగా వాడుకునే పొరుగు అప్లికేషన్లు క్యూలను మరో చోటికి మార్చాయే తప్ప తీసేయలేదు.

ఈ లెక్కలు నేర్చే అవకాశం మన దగ్గరా ఉంది. అదే 2008లో శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలోని పీజీ కేంద్రం డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ విశ్వవిద్యాలయంగా ఎదిగింది. 2016లో మొదలైన శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ ఇదే ఎచ్చెర్ల మండలంలోని ఎస్.ఎం.పురంలో నడుస్తోంది. ఇక్కడికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న విశాఖలో, ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఏఐ కేంద్రం నిర్మిస్తామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. అలాంటి చోట్ల మన పిల్లలు కాపలా, కేబుళ్ల పనులకే పరిమితం కాకూడదు. ఎచ్చెర్ల అధ్యాపకులు క్యూ సిద్ధాంతాన్ని పరీక్ష ప్రశ్నగా వదిలేయకుండా, తమ క్యాంపస్ సర్వర్ల మీద ఫలితాల రోజున వచ్చే రద్దీని విద్యార్థుల చేత ఏడాది పొడవునా కొలిపించాలి. కొత్త స్టోరేజ్ కొనబోయే ప్రతి కార్యాలయమూ ఆ కొలతలు చూశాకే టెండరు రాయాలి.