ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డు

ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డు అనగా ఒక వ్యక్తి వ్యాధులు, పరీక్షా ఫలితాలు, వాడిన మందులు మొదలగు వివరాలను కంప్యూటరులో భద్రపరచి, అవసరమైనపుడు వేరొక వైద్యునికి అందించుటకు వీలు కల్పించే నమోదు. భారత ప్రభుత్వం దీనికి ప్రమాణాలను 2013లో ప్రకటించి, 2016లో సవరించినది.

అవసరం

కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతమైన గోనెగండ్ల, ఎమ్మిగనూరు, ఆదోని మండలాల నుండి అనేక కుటుంబాలు గుంటూరు ప్రాంతానికి మిరప కోతలకు, బెంగుళూరుకు కూలి పనులకు వలస వెళ్ళుచుండును. ఓపీ చీటీలు, పరీక్షల కాగితాలు పోయినచో కొత్త వైద్యునికి పాత చికిత్స తెలియదు. క్షయ, మధుమేహం వంటి దీర్ఘకాల వ్యాధులలో ఈ లోటు ప్రమాదకరం.

అమలు

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకంలో చికిత్స అనుమతులు కంప్యూటరు ద్వారా జరిగినవి. 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ప్రారంభమైనది. ఇందులో కోరినవారికి 14 అంకెల ఆభా సంఖ్య ఇవ్వబడును. రికార్డులన్నీ ఒకేచోట చేర్చబడవు. అవి తయారైన ఆసుపత్రిలోనే ఉండి, రోగి సమ్మతిపై మాత్రమే ఇతరులకు అందును.

రోగి నమ్మకం

ఏ వివరాలు, ఎవరు, ఎంతకాలం చూడవచ్చునో రోగియే నిర్ణయించును. ఇచ్చిన సమ్మతిని తరువాత రద్దు చేసుకొనవచ్చును. అయితే ఈ ప్రక్రియ ఎక్కువగా మొబైల్ ఫోనుకు వచ్చే ఓటీపీపై ఆధారపడును. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్నచోట హెచ్.ఐ.వి., మానసిక వ్యాధి వంటి గోప్య విషయాలు ఇతరులకు తెలియు అవకాశం కలదు. చదువు రానివారి తరఫున మరొకరు ఓటీపీ చెప్పుటయూ ఇటువంటి సమస్యయే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండవలెను. కావున రోగికి అర్థమగు భాషలో ముందుగా వివరించుట ఈ విధానానికి ఆధారం.