కొండమీది నీటి లెక్క

గడచిన వేసవిలో ఒకనాటి ఉదయమున మేము ధ్వనిముద్రణ యంత్రమును వెంటబెట్టుకొని ఫిలింనగరునకు పోయితిమి. మదరాసు కాలమునుండి చిత్రసీమలో శబ్దగ్రాహకులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్న ఒక పెద్దమనిషి తమ జ్ఞాపకములను శ్రోతలకు వినిపించుటకు అంగీకరించియుండిరి. వారు నాలుగు మాటలు చెప్పిరో లేదో, ప్రక్క స్థలమున బోరుబండి రొద ప్రారంభమైనది. తలుపులు మూసితిమి, కిటికీలకు దుప్పట్లు కట్టితిమి, ప్రయోజనము లేకపోయినది. జీవితమంతయు శబ్దముతో పనిచేసిన ఆ పెద్దలు నవ్వి, “ఈ రొద ఆగాలంటే నీళ్లు పడాలండీ. నిన్నటినుంచి వేస్తున్నారు. తొమ్మిది వందల అడుగులు దాటిందట, ఇంకా దుమ్మే వస్తోంది” అనిరి. మధ్యాహ్నము వరకు వేచియుండి వట్టి చేతులతో దిగివచ్చితిమి. దారిలో కొండవాలున నున్న బస్తీలో నీళ్ల ట్యాంకరు కొరకు బిందెలు బారులు తీరియుండెను.

పైన వేయి అడుగుల లోతునకు దిగగల యంత్రము. క్రింద బిందెడు నీటికై నిరీక్షణ. రెండును ఒక్క కొండమీదివే. శాస్త్రసాంకేతిక విజ్ఞానము మానవాభివృద్ధికి తోడ్పడునని మనమందరము అనుకొందుము. అది ఎట్లు తోడ్పడును, ఎప్పుడు తోడ్పడక పోవును అను ప్రశ్నకు ఈ జూబిలీ కొండలే కొంత సమాధానము చెప్పగలవు. నేటివారి అవసరములు తీరవలెను, రేపటివారి అవసరములకు భంగము కలుగరాదు. ఇట్టి అభివృద్ధినే సుస్థిరాభివృద్ధి యని 1987లో ఐక్యరాజ్యసమితి నియమించిన సంఘమొకటి నిర్వచించినది. మాట క్రొత్తదే గాని, చెరువు త్రవ్వించిన మన పూర్వులకు భావము క్రొత్తది కాదు.

హైదరాబాదు క్రింద నున్నది నల్లరేగడి కాదు, నల్లరాయి. ఇచ్చటి గ్రానైటు శిలలు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివి. అట్టి రాయి ఇసుకవలె నీటిని పీల్చుకొని దాచుకొనలేదు. పైనున్న కొద్దిపాటి మట్టి, దాని దిగువ శిథిలమైన మొరము, ఆ క్రింద రాతిలోని నెఱ్ఱెలు, వీనిలో మాత్రమే నీరు నిలుచును. కావున పాతకాలపు జలజ్ఞులు నేల లోపలికంటె నేలపైననే నీటిని ఆపిరి. కొండల నడుమ పల్లమున కట్ట వేయుట, తూము పెట్టుట, మిగులు నీరు పోవుటకు అలుగు విడుచుట, ఆ అలుగు క్రింద మరియొక చెరువు నిర్మించుట, ఇది వారి సాంకేతిక విద్య. హైదరాబాదు నగరము 1591లో పుట్టకముందే, 1560 ప్రాంతమున ఇబ్రహీం కుతుబ్‌షా కాలములో హుసేన్ సాగరము వెలసినది. జూబిలీ హిల్సుకును మాదాపురమునకును నడుమ నున్న దుర్గం చెరువు ఒకప్పుడు గోలకొండ కోటకు నీరందించినది. 2020లో దానిపై తీగెల వంతెన వెలసిన తరువాత ఆ చెరువును చూచుటకు పోవువారు పెక్కురు. కోటవారు దాని నీరు త్రాగిరని ఎరిగినవారు కొద్దిమంది.

ఈ చెరువుల విద్యకు కఠినమైన పరీక్ష 1908 సెప్టెంబరు 28న వచ్చినది. ఆనాటి మూసీ వరదలో మరణించినవారు 15,000 వరకు ఉందురని అంచనా. అఫ్జల్‌గంజిలో ఒక చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొన్నారని చెప్పుదురు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోనిది. మరుసటి సంవత్సరము నిజాం ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించినది. వారు తొలుత చేసిన పని గోడ కట్టుట కాదు, లెక్క కట్టుట. వరద ఎంత ఎత్తున పారినది? ఎన్ని చదరపు మైళ్ల నేలపై ఎన్ని అంగుళముల వాన పడినది? ఎన్ని చెరువులు నిలిచినవి, ఎన్ని తెగినవి? నగరమునకు ఎగువ మూసీ పరివాహక ప్రాంతమున రమారమి 800 చెరువులుండగా, 200 పైచిలుకు తెగిపోయెనని తేలినది. ఒక చెరువు తెగగా ఆ నీటి తాకిడికి దిగువ చెరువు తెగినది. పొరుగు రాష్ట్రముల వర్షపాత వివరములను గూడ తెప్పించి, ఇంతకు మించిన వాన పడవచ్చునా యని విచారించి, మూసీమీదను ఈసీమీదను నగరమునకు ఎగువన రెండు జలాశయములు నిర్మింపవలెనని వారు సూచించిరి.

ఆ సూచనను అనుసరించి 1920లో ఉస్మాన్ సాగరమును, 1927లో హిమాయత్ సాగరమును సిద్ధమైనవి. నవాబు అలీ నవాజ్ జంగువంటి ఈ గడ్డ ఇంజనీర్లు ఆ కాలమున పనులు నడిపించిరి. గండిపేట నీరు త్రాగినవాడు హైదరాబాదు విడువడని మన పెద్దలు చెప్పుకొనుచుండిరి. ఆ నీటి రుచి మాట అటుండ, అది ఊరికి వచ్చిన తీరు గమనింపదగినది. గండిపేట ఎత్తున నున్నది, ఊరు పల్లమున నున్నది. నీరు తనంత తాను కాలువ వెంట ఆసిఫ్ నగరు వడపోత కేంద్రమునకు దిగివచ్చినది, మోటారుతో పనిలేదు. ఒకే కట్టతో వరద అణగినది, దాహము తీరినది, ఖర్చు తగ్గినది. శాస్త్రము ప్రజలకు తోడ్పడుట యన ఇట్టిది.

తరువాత ఊరు పెరిగినది. 1965లో మంజీర నీరు, 2004లో కృష్ణ నీరు, 2015లో గోదావరి నీరు వచ్చినవి. ఇవి గొప్ప ఇంజనీరింగు పనులే. ఇవి లేకున్న నేటి నగరము లేదు. కాని నాగార్జునసాగరపు నీరు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించుటే గాక, రమారమి 400 మీటర్లు పైకెక్కవలెను. వేయి లీటర్ల నీటిని అంత ఎత్తునకు చేర్చుటకు, యంత్రములలో నష్టమేమియు లేదనుకొన్నను, ఒక యూనిట్‌కు మించి విద్యుత్తు పట్టును. కొళాయి త్రిప్పినప్పుడెల్ల మనము నీటితో పాటు కరెంటును గూడ ఖర్చు చేయుచున్నామన్న మాట.

ఇక చిత్రసీమ కథకు వత్తము. తెలుగు చిత్రములు చిరకాలము మదరాసులోనే తయారైనవి. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు ఇచ్చటి రాతినేలపై అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిరి. బండలు తప్ప మరేమియు లేని కొండలవి. తరువాత ఒకటొకటిగా స్టూడియోలు, డబ్బింగు థియేటర్లు, నటీనటుల గృహములు, వానిని అంటి పనివారి బస్తీలు వెలసినవి. బండలను పగులగొట్టి చదును చేసిరి. కప్పులు లేచినవి, రోడ్లు పడినవి. వాన నీరు ఇంకు చోట్లు తగ్గినవి. కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనము వంటి కొన్ని పచ్చని తావులు మాత్రమే పాత కొండను జ్ఞాపకము చేయుచున్నవి.

బోరుబండి ఈ కాలపు సౌకర్యము. కొన్ని గంటలలో రాతిని చీల్చుకొని పోవును. పూర్వము నెలల తరబడి బావి త్రవ్విన శ్రమ తప్పినది. కాని దాని శక్తి త్రవ్వుటలోనిదే గాని నీటిని పుట్టించుటలోనిది కాదు. లోతునకు పోయిన కొలది నెఱ్ఱెలు అరుదగును. ఒక నెఱ్ఱె రెండు ఇండ్ల క్రిందుగా పోయినచో, లోతుగా వేసినవాని బోరు నిండును, పైనున్నవానిది ఎండును. ఇంకిన దానికంటె ఎక్కువ తోడినచో, ఎంత పదునైన యంత్రమైనను చేయగలిగినది ఏమియు లేదు.

ఈ పాఠమును మనకంటె ముందు నేర్చినది, చిత్రసీమ విడిచివచ్చిన మదరాసే. 1983లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావుగారును, తమిళనాడు ముఖ్యమంత్రి ఎం.జి. రామచంద్రన్‌గారును, వెండితెర వేల్పులిద్దరు, తెలుగుగంగ ఒప్పందమునకు వచ్చిరి. 1996లో కృష్ణాజలము మదరాసువారి పూండి జలాశయమునకు చేరినది. పిమ్మట 2003లో అచ్చటి ప్రభుత్వము ప్రతి కట్టడమునకును వాననీటి సేకరణను విధిగా చేసినది. బావులలో నీరు పైకి వచ్చెనని జనులు సంతోషించిరి. అయినను 2019 జూన్‌లో ఆ నగరపు నాలుగు పెద్ద జలాశయములును దాదాపు ఎండి, జూలైలో రైళ్లపై నీరు తేవలసివచ్చినది. ఏరు తెచ్చినంత మాత్రమున గాని, చట్టము చేసినంత మాత్రమున గాని పని తీరదు. గుంట పూడక చూచుకొనువాడు, చెరువు శిఖము ఆక్రమణకు గురికాకుండ కాచువాడు ఏటేట ఉండవలెను.

శాస్త్రము మరియొక విధముగ గూడ మనకు తోడ్పడును. చేయగలిగిన దానిని చెప్పుటే గాక, చేయరాని దానిని గూడ చెప్పును. జంట జలాశయముల చుట్టును 10 కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలను నిషేధించుచు 1996లో ప్రభుత్వము 111వ నెంబరు ఉత్తర్వు నిచ్చినది; 84 గ్రామములు దాని పరిధిలోనివి. హిమాయత్ సాగరపు పరివాహకములో ఒక నూనె కర్మాగారము పెట్టదలచినవారి వివాదము సుప్రీంకోర్టు వరకు పోయినది. 1999లో న్యాయమూర్తి ఎం. జగన్నాథరావుగారు వ్రాసిన తీర్పు, హాని జరుగదని రుజువు చేయవలసిన భారము పరిశ్రమ పెట్టువానిదే గాని, హాని జరుగునని భయపడు ప్రజలది కాదని చెప్పినది. 1961లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు అచ్చట నేలలోని నీటి నడకను పరిశోధించి నివేదిక నిచ్చిరి. 2000 డిసెంబరులో న్యాయస్థానము ఆ కర్మాగారమునకు వ్యతిరేకముగా తీర్పు చెప్పినది. మన గ్లాసులోని నీటి కొరకు శాస్త్రజ్ఞుడు, న్యాయమూర్తి ఒకచోట కూర్చున్న సందర్భమది. 2022లో ఆ ఆంక్షలను సడలించుచు ప్రభుత్వము వేరొక ఉత్తర్వు వెలువరించినది. కావున ఆ జలాశయములను కాచు బాధ్యత నేటివారి ముందు మరల నిలిచినది.

ఇండ్లలో చేయదగిన లెక్క యొకటి మనవి చేయుదుము. మన నగరమున సాలున సగటున సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడును. 240 చదరపు గజముల మేడకప్పు, అనగా 200 చదరపు మీటర్లు, అనుకొందము. దానిపై సంవత్సరమున పడు నీరు 1,60,000 లీటర్లు. నాల్గవవంతు వృథా యైనదనుకొన్నను 1,20,000 లీటర్లు మిగులును. అయిదువేల లీటర్ల ట్యాంకర్లు ఇరువది నాలుగు! ఇది మన ఇంటి కప్పుమీదికే వచ్చి, గొట్టము వెంట జారి, వీధి కాలువలో కలిసి, పల్లమున నున్నవారి ఇండ్లను ముంచుచున్నది. 2020 అక్టోబరులో నగరమును ముంచిన వానలు మరువదగినవి కావు. కొండమీద ఇంకని నీరే కొండక్రింద వరద. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము బోరులకు హద్దులు విధించుచు, వాననీటి నిలువను గూర్చి గూడ చెప్పినది. కాని ఇంకుడుగుంట త్రవ్వుటకు చట్టము కంటె ముందు ఒక పలుగు, ఒక పార, కొంత కంకర, ఇసుక చాలును.

వానకాలము నడుమ మేము ఫిలింనగరునకు మరల పోయితిమి. ఈ మారు నిశ్శబ్దముగా నుండెను. సంభాషణ చక్కగా ముద్రితమైనది. వచ్చుచు, ఆ బోరులో నీరు పడినదా యని అడిగితిమి. “పడ్డాయండీ. వాళ్లకు పడ్డ వారానికే మాది ఎండిపోయింది” అని ఆ పెద్దలు చెప్పిరి. వారి మాటలో కోపము లేదు. పెరటిలోనికి తీసికొనిపోయి, మేడకప్పు గొట్టమును ఎండిన బోరు ప్రక్కన త్రవ్వించిన గుంటలోనికి మళ్లించిన తీరు చూపిరి. ప్రక్క ఇంటివారితోను మాటలాడిరట. వారును త్రవ్వింతుమని ఒప్పుకొన్నారట. మేము వచ్చిన నాటికి ఆ బోరులో నీరు ఇంకను రాలేదు.

రాతిలోనికి నీరు ఒక్క వానకు చేరదు. విశ్వేశ్వరయ్యగారు సూచించిన పదునొకండేండ్లకు గదా గండిపేట నిండినది. అయినను ఆ పని చేయించినవారు ఇంకను మనకు త్రాగుటకు నీరిచ్చుచున్నారు. ఈ ఋతువు దాటకముందే శ్రోతలు తమ మేడకప్పు నీరు ఎచ్చటికి పోవుచున్నదో ఒక్కసారి పైకెక్కి చూతురు గాక.